హనుమండ్లు మామకు ఇవ్వకూడని ఉత్తరం

చింతలపల్లె,
10–2–1992, సోమవారం.

బాపుకు,

నీ బిడ్డ నర్మద దండం పెట్టి రాసే ఉత్తరం. ఇక్కడ నేను బాగున్నాను. నాయనమ్మ బాగుంది, మోకాళ్లు తప్ప. బర్రె ఈనింది, పెయ్యదూడ. నొసటి మీద తెల్లమచ్చ ఉంది. మస్కట్‌లో నువ్వూ, నీ గదిలోని ఏడుగురూ చల్లగా ఉండాలని కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటున్నాం.

అవ్వ పేరు రాయలేదని చూసే ఉంటావు. మరిచిపోలేదు బాపూ. ఆమె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

అందుకే మొదలే ఒక మాట. ఈ ఉత్తరం హనుమండ్లు మామకు ఇవ్వకు. ఎప్పటిలా శుక్రవారం అన్నాలు తిన్నాక అందరి నడుమ కూర్చుని ఆయనతో చదివించుకోకు. ఆయన మంచివాడే, మన ఊరివాడే. గొంతు బాగుంటుందనీ, నవ్వాల్సిన చోట నవ్వి మరీ చదువుతాడనీ నువ్వే చెప్పావు. కానీ ఇది ఎనిమిది మంది వినే ఉత్తరం కాదు. నువ్వు నాలుగో తరగతి దాకా చదివావు, కూడబలుక్కోగలవు. అందుకే మా బడి పిల్లలకు రాసినట్టు పెద్ద అక్షరాలతో, గీత విడిచి గీత రాస్తున్నాను. కాగితాలకు పైన అంకెలు వేశాను. నిదానంగా చదువు. కానీ 21వ తారీఖు శుక్రవారం లోపల చదవడం పూర్తి చెయ్యి. ఎందుకో ముందే చెప్పేస్తాను.

అవ్వకు ఎడమ రొమ్ములో గడ్డ ఉంది.

కన్నతల్లి గురించి బిడ్డ తండ్రికి రాయవలసిన మాట కాదు ఇది. దీని కోసం మూడు కాగితాలు చింపాను. ఒకసారి 'ఛాతీ' అని రాశాను, ఒకసారి 'పక్కన' అని రాశాను. అవి చదివితే నువ్వు దగ్గు అనుకుంటావు, నొప్పి అనుకుంటావు. చివరికి ఉన్న మాటే రాశాను. 24వ తారీఖు సోమవారం హైదరాబాదులో మిషను మీద దాని ఫోటో తీయాలి. అవ్వ రానంటోంది. ఆమె రావాలంటే నువ్వు ఒక మాట చెప్పాలి. ఎవరు చెప్పినా వినని మాట అది, నువ్వు చెబితేనే వింటుంది.

పోయిన ఉత్తరంలో అడిగావు, నా సర్టిఫికెట్ల కోసం హైదరాబాదు పోతూ అవ్వను ఎందుకు వెంట తీసుకుపోతున్నానని. సర్టిఫికెట్లు లేవు, ఏమీ లేవు. దీని కోసమే పోయాం. అవ్వ బీడీలు ఎందుకు తగ్గించిందని కూడా అడిగావు. ఆకు బాగుండడం లేదని రాయమంది, రాశాను. ఆకు బాగానే ఉంది. చేట ఒళ్లో పెట్టుకుంటే అంచు ఎడమవైపు తగులుతుంది. దారం చుట్టేటప్పుడు చెయ్యి ఎత్తితే చంకలో గుంజుతుందట. పూటకు అయిదువందలు చుట్టే మనిషి ఇప్పుడు రెండువందల దగ్గర లేచిపోతోంది. మేము మాటలు నింపి పంపిన క్యాసెట్లో అవ్వ గొంతు ఎందుకు లేదన్నావు. రికార్డు బటన్ నొక్కి ఆమె ముందు పెట్టాను బాపూ. "ఏం చెప్పాలె?" అని నన్ను చూసింది. తర్వాత లేచి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దొడ్లోకి పోయింది. ఆ ముక్క చెరిపేసి పైన నాయనమ్మ మాటలు నింపాను.

మన ఇంట్లో అబద్ధాలు ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. నీ ఉత్తరం వస్తే నేను అరుగు మీద కూర్చుని చదువుతాను. అవ్వ, నాయనమ్మ, చేటలు పట్టుకుని వచ్చిన వాడకట్టు ఆడవాళ్లు అందరూ వింటారు. నా ఉత్తరం అక్కడ ఎనిమిది మంది వింటారు. ఇంతమంది చెవిన పడేది కాబట్టి నువ్వు 'ఇక్కడ ఎండ అంతగా లేదు' అని రాస్తావు, మేము 'అంతా బాగే' అని రాస్తాం. రెండు చోట్లా అందరూ సంతోషపడతారు. ఈసారి అలా కుదరదు.

జనవరి రెండో వారంలో అవ్వను కరీంనగర్‌లో ప్రమోదిని అనే డాక్టరమ్మకు చూపించాను. ఆమె చేత్తో తడిమి చూసింది. తడుముతున్నంతసేపూ ఊళ్లో వానలు ఎట్లా పడ్డాయి, ఎంతమంది పిల్లలు అని అడుగుతూనే ఉంది. చంక దగ్గరికి వచ్చేసరికి అడగడం మానేసింది. నాకు భయం అక్కడ పట్టుకుంది. చేతులు కడుక్కుంటూ, "చాలా గడ్డలు ఊరికే గడ్డలే. కానీ ఇది ఏదో నా చేతికి తెలియదు, ఫోటో తీస్తే తెలుస్తుంది" అంది. హైదరాబాదులో ఒక ఆసుపత్రికి చిట్టీ రాసింది. అవ్వ చిట్టీ వైపు చూడలేదు. "రాచపుండా, డాక్టరమ్మా?" అని అడిగింది. నేను నోట్లోకి కూడా రానివ్వని మాటను, కూరగాయల ధర అడిగినట్టు అడిగింది.

జనవరి 27న పోయాం. ఆ హాల్లో బెంచీల మీద ఒక ముప్పై మంది ఆడవాళ్లున్నారు. పట్నం వాళ్లు, మన లాంటి వాళ్లు, బురఖాల వాళ్లు. అందరూ ఒకేలా కూర్చున్నారు. చేతులు కట్టుకుని, కొంగు రెండు భుజాల మీదా కప్పుకుని, చలి లేకపోయినా. నేను కూడా అలాగే కూర్చున్నానని కొంతసేపటికి చూసుకున్నాను.

లోపలికి పిలిచారు. ఫోటో తీసే నర్సమ్మ మంచిగానే మాట్లాడింది. "మెడలో ఉన్నవన్నీ తీసి ఇందులో వెయ్యమ్మా" అని ఒక స్టీలు పళ్లెం చాచింది. ఆ పళ్లెంలో అప్పటికే వేరే ఇద్దరి పుస్తెలు ఉన్నాయి. ఒకదానికి నల్లపూసలు, ఇంకోటి ఒట్టి పసుపుతాడు. రెండూ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని పడి ఉన్నాయి. అవ్వ ఆ పళ్లెం వైపు చూసింది. తర్వాత రెండు చేతులతో తన తాడు పట్టుకుంది.

"నేను తియ్య."

"ఫోటోలో అడ్డం పడుతుందమ్మా. అయిదు నిమిషాలే."

"అయిదు నిమిషాలల్ల ఏమన్న గావచ్చు. మా ఇంటాయిన సముద్రం అవతల ఉన్నడు."

వీపు మీదికి వేసుకుంటానంది. వేసుకుంది. వంగి నిలబడగానే జారి ముందుకు వచ్చింది. మళ్లీ వేసుకుంది, మళ్లీ వచ్చింది. పైగా ఒంటికి పసుపు. బస్సెక్కే ముందు నాయనమ్మ గడ్డ మీద పసుపు, ఆకుపసరు దట్టంగా రాసి పంపింది. పసుపు, పౌడరు, మందు ఏదీ ఉండకూడదని చిట్టీలో ఉంది. అది నేను చదివాను, నాయనమ్మకు చెప్పలేదు. నర్సమ్మ తుడిచింది కానీ తాడు విషయంలో ఏం చేయలేకపోయింది. బయట ముప్పై మంది ఉన్నారు. "ఇంటికి పోయి ఆలోచించుకుని రండి. బయటుండి స్నానం చేశాక పదిరోజుల లోపలే తీయాలి, కాబట్టి వచ్చే నెలే" అని 24వ తారీఖు రాసిచ్చింది. ఒక పళ్లెం చూసి నెల పోగొట్టుకున్నాం బాపూ.

తిరుగు బస్సులో నేను కోపంతో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సిద్దిపేట దాటాక అవ్వే అంది: "నువ్వు రామవ్వను మరిసినవా?"

మరిచిపోలేదు. నీకూ తెలుసు. ఎదురింటి రామవ్వ మూడేళ్ల కింద పుస్తెలు అరిగాయని బాగుచేయడానికి అవుసుల అంతయ్యకు ఇచ్చి, రెండు రోజులు బోసి మెడతో ఉంది. మూడో రోజున దుబాయి నుంచి కబురు వచ్చింది. ఆమె భర్త ఎత్తు మీది నుంచి పడ్డాడు. పెట్టెలో వచ్చాడు. అప్పటి నుంచి మన వాడకట్టులో గల్ఫుకు పోయినవాళ్ల భార్యలెవరూ స్నానానికి కూడా తాడు తీయరు.

నేను బి.ఎస్సీ. చదివాను. రామవ్వ తాడుకూ ఆయన పడడానికీ సంబంధం లేదని గట్టిగా చెబుదామని నోరు తెరిచాను. అప్పుడు నువ్వూ పరంజా మీదే పని చేస్తావని గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. ఆ బస్సులో ఇద్దరం ఒకే మనిషి గురించి భయపడుతూ కూర్చున్నాం. అవ్వ తన గురించి భయపడడం లేదు. నీకేమైనా అవుతుందని భయపడుతోంది. దానితో నేనెట్లా కొట్లాడను?

ఇప్పుడు మళ్లీ తయారు చేస్తున్నాను. బడి నుంచి రెండు పలకలు తెచ్చాను. మిషను ఎట్లా ఉంటుందో తెలిస్తే భయం తగ్గుతుందని. కింద ఒక పలక, మీద ఒక పలక, నడుమ పెట్టి ఒత్తుతారు, ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండాలి, అంతే అని చీర మీది నుంచే చూపించాను. అవ్వ రెండు పలకల నడుమ నిలబడి నన్ను చూసింది.

"గట్టిగ ఒత్తుతరా?"

"జర గట్టిగనే. కొంచెంసేపు."

"గిన్నెకు ఒత్తిన సర్వపిండి లెక్కనా?"

నాకు నవ్వొచ్చింది. మంచంలో నుంచి నాయనమ్మ, "నడుమ బొక్కలు గూడ పెడ్తరేమో అడుగు, నూనె పోయనీకె" అంది. ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అవ్వ పలక మీద చెయ్యి పెట్టి, "రవికె తీసి నిలవడాల్నా, బిడ్డా? మొగోళ్లు ఉంటరా?" అని మెల్లగా అడిగింది. ఉండరని చెప్పాను. పోయినసారి లేరు. ఈసారి కూడా లేకుండా చూడమని మొక్కుకుంటున్నాను. ఇరవై నాలుగేళ్ల సంసారంలో చీకట్లో తప్ప రవికె విప్పని మనిషి ఆమె. ఇది నీకు రాస్తున్నందుకు నన్ను తిట్టుకోకు.

పసుపు సంగతి ఈసారి నాయనమ్మకు చెప్పాను. ఒప్పుకుంది. తాడు సంగతి చెబితే మంచం మీద లేచి కూర్చుంది. ఇక యుద్ధమే అనుకున్నాను. చాలాసేపు మోకాలు రాసుకుంటూ ఉంది. ఆఖరికి అంది:

"మా రాజం నోటితోని తియ్యమంటె తియ్యొచ్చు. కట్టినోడు ఆడు. ఆని మాట దప్ప ఎవని మాట నడువది."

"పళ్లెంల మాత్రం పెట్ట" అంది అవ్వ. "పదిమందివి కలుస్తయి. నేల మీద పెట్ట. అత్త ముట్టుకోవద్దు. మరి ఎవలు పట్టుకోవాలె?"

మొగుడు పోయినామె ముట్టుకోవద్దని నాయనమ్మ ముఖం మీదే అంది. నాయనమ్మ తప్పు పట్టలేదు. నా వైపు చూసింది. "గీ పోరి పట్టుకుంటది. ఆని నెత్తురే గదా దీని ఒంట్ల. ఇది పట్టుకుంటె ఆడు పట్టుకున్నట్టే."

ఆ మాట అన్నప్పటి నుంచి నా కుడిచెయ్యి నాదిలా లేదు బాపూ. అన్నం తింటున్నా, బోర్డు మీద రాస్తున్నా చూసుకుంటున్నాను. ఎందుకంటే ఆ చెయ్యి ఏం చేసిందో నాయనమ్మకు తెలియదు. నీకూ తెలియదు. ఇన్ని కాగితాలు రాసింది ఈ మాట దగ్గరికి రావడానికే.

సద్దుల బతుకమ్మ రోజు. నేను పూలు పేర్చి, కొత్త చీర కట్టుకుని తయారై ఉన్నాను. జగిత్యాల నుంచి నా స్నేహితులు వస్తున్నారు. అవ్వ నన్ను స్నానాల దడి వెనక్కి పిలిచింది. "నర్మదా, జర చూడు. గింజ లెక్క తల్గుతున్నది" అని నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. చింతగింజంత ఉంది. గట్టిగా, కదలకుండా. నా వేళ్లకు తెలిసింది బాపూ. తెలిసిన మరుక్షణం చెయ్యి వెనక్కి గుంజుకున్నాను. సిగ్గుతో. కన్నతల్లి ఒళ్లు ముట్టుకోవడానికి సిగ్గు. అప్పుడే వాకిట్లో పిల్లలు పిలుస్తున్నారు. "ఏం లేదవ్వా. చేట అంచు ఒత్తుకొని గట్టిపడ్డది. అదే పోతది" అన్నాను.

అవ్వ నమ్మింది. నమ్మి, దాన్ని మోసుకుని తిరిగింది. రామవ్వతో చెప్పింది, నాయనమ్మతో చెప్పింది. మూడు నెలలు గడిచాక చంకలో గుంజుతోందని అన్నప్పుడు గానీ నాకు చీమ కుట్టలేదు. కరీంనగర్‌లో డాక్టరమ్మ, "ఇన్ని రోజులు ఎందుకు చూపించుకోలేదు?" అని అడిగితే అవ్వ గర్వంగా చెప్పింది:

"నా బిడ్డ సైన్సు సదివింది. చూసింది. ఏం లేదన్నది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాతో పాటు బస్సెక్కి ఊరికి వచ్చింది. ఇప్పుడు ఆ గడ్డ రేగ్గాయంత ఉంది. చింతగింజ రేగ్గాయ కావడానికి పట్టిన రోజులు నావి. నన్ను చదివించడానికి నువ్వు పదకొండేళ్లు ఆ ఎండలో ఉన్నావు. ఆ చదువు అవ్వకు ఒక్కసారి పనికి రావలసి వచ్చింది, ఆ ఒక్కసారి నేను అబద్ధం చెప్పాను.

నువ్వు నన్ను ఏమన్నా పడతాను. కానీ తిట్టేది 24 తర్వాత తిట్టు.

ఇంతవరకు రాశాక ఒక సంగతి జరిగింది. అదీ రాస్తాను.

నేను గడప దగ్గర కూర్చుని రాస్తున్నాను. అవ్వ దూడకు పాలు విడిచి వచ్చి నా వెనక నిలబడింది. ఆమెకు అక్షరం రాదు కదా, నేను దాచలేదు. చాలాసేపు చూసింది.

"గివేంది, గింత పెద్దగ రాస్తున్నవ్? చీమల లెక్క రాస్తవ్ గదా ఎప్పుడు."

"ఊకెనే, అవ్వా."

"హనుమండ్లుకు కండ్లు మంచిగనే ఉన్నయి." కాగితం మీదికి వంగింది. "మీ బాపే సదువుకోవాల్నని రాస్తున్నవ్."

కలం కింద పెట్టాను. పక్కన కూర్చుంది. చేతులకు పాల వాసన.

"గది రాసినవా?"

"రాసిన."

"బతుకమ్మనాటిది?"

తల ఊపాను. ఆమె కాగితం వైపే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"గది ఎందుకు రాసినవ్, పిచ్చిదానా? నీ చెయ్యి గుంజుకున్నప్పుడే నాకు ఎరుకైంది. నీ మొకం చూసిన గదా. ఏం లేదని నువ్వు చెప్పాల్ననే నిన్ను అడిగిన. వేరెటోళ్లను అడిగితె ఉన్నదంటరని."

ఏం రాయను బాపూ దీని తర్వాత. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఒకరికొకరం 'ఏం లేదు' అని చదివి వినిపించుకున్నాం, అరుగు మీద నీ ఉత్తరాల్లాగా.

కళ్లు తుడుచుకుని కలం పట్టుకున్నాక అవ్వ, "నా దిక్కెల్లి గూడ ఒక ముక్క రాయి" అంది. ఎప్పుడైనా ఆమె రాయించేది ఒకటే, 'ఫికర్ చెయ్యకు' అని. అదే రాయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"గది కాదు. నాకు భయమైతున్నదని రాయి."

"గంతేనా?"

"గంతే. ఇంకోటి. మస్కట్ల ఎండ లేదట! ఎవలకు చెప్తుండు? ఆయిన గూడ నిజం రాయాలె అని రాయి."

రాశాను. పదకొండేళ్లలో అవ్వ నీకు రాయించిన మొదటి ఉత్తరం ఇదే అనుకో.

ఇప్పుడు నువ్వు చేయవలసింది. పోయిన నెల సెలవు మీద వచ్చిన అంబదాస్ బాబాయి మస్కట్‌కు విమానం ఎక్కడానికి ఎల్లుండి బొంబాయి పోతున్నాడు, ఈ కవరు ఆయన చేతికి ఇస్తున్నాను. అంటించిన కవరు నీకే ఇస్తానని అంజన్న మీద ఒట్టు వేశాడు. 21 శుక్రవారం నీకు పని ఉండదు. మన టైము పొద్దున పదింటికి అవ్వనూ నాయనమ్మనూ తీసుకుని జగిత్యాల బస్టాండ్ ఎదురుగా ఉన్న ఫోను డబ్బా దగ్గర నిలబడతాను. నంబరు చివరి కాగితం వెనక ఉంది. నువ్వు ఫోన్ చెయ్యి. లైను దొరకకపోతే మళ్లీ మళ్లీ చెయ్యి. డబ్బా అతను సాయంత్రం దాకా ఉండనిస్తానన్నాడు, మేము కదలం. అవ్వను నువ్వు ఏమని పిలుస్తావో అలాగే పిలిచి, "తియ్యి, నాకేం గాదు" అను. బతిమాలకు, వివరంగా చెప్పకు. గొంతులో వణుకు వస్తే ఫోను కొంచెం దూరం పెట్టుకుని అను. అదయ్యాక, నాయనమ్మకు కూడా వినిపించేలా ఇంకోసారి అను.

తర్వాతి సంగతి నేను చూసుకుంటాను. పళ్లెంలో పెట్టను. నేల మీద పెట్టను. తలుపు బయట నిలబడి పిడికిట్లో పట్టుకుని ఉంటాను. ఫోటోలో ఏం వస్తుందో నాకు తెలియదు బాపూ. కానీ ఈసారి చెయ్యి వెనక్కి గుంజుకోను.

ఆ నాలుగు రోజులు, శుక్రవారం నుంచి సోమవారం దాకా, పరంజా మీద జర చూసి అడుగు వెయ్యి. నేను ఇవన్నీ నమ్మను. అయినా వెయ్యి.

ఇట్లు,
అవ్వ చెయ్యి విడవని నీ బిడ్డ,
నర్మద.

పక్కన సిరా వేలిముద్ర అవ్వది. నేను వెయ్యమనలేదు.